కౌన్సిల్ కార్డు వేరు, సంఘం కార్డు వేరు: ఫార్మసిస్టు ఏ సంఘంలో చేరాలి?

ఫార్మసిస్టుల్లో ఎవరినైనా "మీరు ఏ అసోసియేషన్‌లో ఉన్నారు?" అని అడిగి చూడండి. చాలామంది జేబులోంచి ఫార్మసీ కౌన్సిల్ కార్డు తీసి చూపిస్తారు. ఇంకొందరు "మా ఓనరు గారు కెమిస్టుల సంఘంలో ఉన్నారండీ, మేమూ అందులోనే కదా" అంటారు. రెండు జవాబులూ తప్పే. ఆ తప్పు వల్ల ఎంత నష్టమో అవసరం పడిన రోజున గానీ తెలియదు. నాకు తెలియడానికి పదేళ్ళు పట్టింది.

ఖమ్మంలో ఒక మెడికల్ షాపు కౌంటర్ దగ్గర నాకిది పంతొమ్మిదో ఏడు. మొన్న ఫార్మ్‌డీ (ఫార్మసీలో ఆరేళ్ళ డాక్టరు కోర్సు) పూర్తి చేసిన మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, ముగ్గురు వచ్చి మెంబర్‌షిప్ తీసుకోమంటున్నారు. ఏది తీసుకోను?" అని అడిగింది. ఫోన్లో పది నిమిషాల్లో తేలే మాట కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. సంఘం అన్నాక రెండు పనులు చేయాలి. మన తరఫున మాట్లాడాలి, మనకు పని నేర్పాలి. ఈ రెండూ జోడెద్దుల్లాంటివి, ఒకటే లాగితే బండి పక్కకి పోతుంది. ఏ సంఘాన్నైనా నేను ఈ రెండింటితోనే తూస్తాను.

కౌన్సిల్ సంగతి ముందు తేల్చుకుందాం

కౌన్సిల్‌లో పేరు ఉండటం మెంబర్‌షిప్ కాదు, అది చట్టం. డాక్టరు రాసిన చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం కిందే ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1949లో ఏర్పడింది. మన పేర్లుండే రిజిస్టరు మాత్రం రాష్ట్ర కౌన్సిల్ దగ్గర ఉంటుంది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ వేరు, తెలంగాణ కౌన్సిల్ వేరు.

కౌన్సిల్ ఉన్నది రోగి కోసం. అర్హత లేనివాళ్ళు కౌంటర్ ఎక్కకుండా చూడటం, తప్పు చేసినవాళ్ళ పేరు రిజిస్టరులోంచి తీసేయడం దాని పని. జీతం తక్కువని, రోజుకు పన్నెండు గంటలు నిలబెడుతున్నారని కౌన్సిల్‌కి రాసి, జవాబు రాలేదని బాధపడి లాభం లేదు. బ్రిటన్‌లో ఈ రెండు పనులూ చాలాకాలం ఒకే చోట ఉండేవి. 1841లో పుట్టిన ఫార్మాస్యూటికల్ సొసైటీ ఒక పక్క ఫార్మసిస్టుల తరఫున మాట్లాడేది, ఇంకో పక్క వాళ్ళ మీద చర్యలూ తీసుకునేది. 2010లో వాటిని విడదీశారు. రిజిస్ట్రేషన్, క్రమశిక్షణ జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్‌కి వెళ్ళాయి. వృత్తిని నిలబెట్టే పని సొసైటీకి మిగిలింది. తీర్పు చెప్పేవాళ్ళు, వకాల్తా పుచ్చుకునేవాళ్ళు ఒకరే అయితే ఎవరికీ న్యాయం జరగదు కాబట్టి ఆ విభజన సరైనదేనని నా నమ్మకం.

కౌన్సిల్‌కీ సంఘానికీ ఒక చోట మాత్రం ముడి ఉంది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే 5 ఏళ్ళలో కనీసం 2 రిఫ్రెషర్ కోర్సులకు వెళ్ళాలి, ఒక్కోటి కనీసం ఒక రోజు. వాటిని కౌన్సిల్ పెట్టొచ్చు, వృత్తి సంఘాలూ పెట్టొచ్చు. కాబట్టి "ఈ సంఘంలో చేరితే నాకేం వస్తుంది?" అనేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న, మీరు పెట్టే కోర్సు మన రాష్ట్ర కౌన్సిల్ లెక్కలోకి వస్తుందా అని. నోటి మాటగా కాకుండా, కౌన్సిల్ ఇచ్చిన కాగితం చూపించమనండి.

షాపుల సంఘం, ఫార్మసిస్టుల సంఘం ఒకటి కాదు

మన ఊళ్ళల్లో బాగా కనిపించేది కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్ అసోసియేషన్. జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం, ఆ పైన దేశమంతటికీ ఏఐఓసీడీ అని పిలిచే ఆల్ ఇండియా ఆర్గనైజేషన్ ఆఫ్ కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్. రిటైల్ షాపులు, హోల్‌సేలర్లు, స్టాకిస్టులు ఇందులో సభ్యులు. వీళ్ళ బలాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఆన్‌లైన్‌లో మందుల అమ్మకానికి వ్యతిరేకంగా 2015 అక్టోబరు 14న, 2017 మే 30న, 2018 సెప్టెంబరు 28న దేశవ్యాప్తంగా బంద్‌కి పిలుపునిచ్చారు. షట్టర్ దించితే ఢిల్లీ దాకా వినపడుతుంది. షాపు లైసెన్సు, ఎక్స్‌పైరీ సరుకు వాపసు, కంపెనీలతో గొడవలు, మార్జిన్లు లాంటి విషయాల్లో అడిగేది వీళ్ళే. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు (డీపీసీఓ) రిటైలరుకి ఇచ్చే మార్జిన్ 16 శాతం. అది పెరగాలని షాపు యజమాని కోరుకోవడం న్యాయమే. కరెంటు బిల్లు, అద్దె, జీతాలు అన్నీ అందులోంచే రావాలి.

అయితే మార్జిన్ పెరిగినంత మాత్రాన ఫార్మసిస్టు జీతం దానంతట అదే పెరగదు. ఇక్కడే దారులు వేరవుతాయి. షాపూ మీదే, సర్టిఫికెట్టూ మీదే అయితే కెమిస్టుల సంఘంలో తప్పకుండా ఉండండి. జీతానికి పనిచేసేవాళ్ళయితే మాత్రం అది మీ సంఘం కాదు, మీ యజమాని సంఘం.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నాతో డీఫార్మ (ఫార్మసీ డిప్లొమా) చదివిన స్నేహితురాలికి ఇలా జరిగింది. ఆమె ఐదో నెల చెకప్‌కి ఆసుపత్రికి వెళ్ళిన పూట షాపుకి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు చీటీ లేకుండా సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్ ఇస్తున్నాడు. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే చీటీ మీదే ఇచ్చి లెక్క రాసిపెట్టాల్సిన మందుల జాబితాలోది. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామన్నది విడిగా ఒక రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరుని మూడేళ్ళు దాచాలి. ఆ రోజు రిజిస్టరులో ఒక్క గీత కూడా లేదు. నోటీసు వచ్చాక యజమాని, రిజిస్టరు రాయడం ఫార్మసిస్టు పనే కదా అన్నాడు. ఆమె ఊళ్ళో వర్తకుల సంఘం పెద్దల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టి, "అమ్మా, మేం ఓనరుతో మాట్లాడుకుంటాం, నువ్వు టెన్షన్ పడకు" అన్నారు. మాట్లాడుకున్నారు. షాపు మళ్ళీ తెరుచుకుంది, ఆమె ఉద్యోగం పోయింది. ఆ పూట తాను సెలవులో ఉన్నట్టు రాతపూర్వకంగా ఏం పెట్టుకోవాలో, నోటీసుకి తన వైపు నుంచి ఏం జవాబివ్వాలో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎందుకంటే ఆమె ఏ ఫార్మసిస్టుల సంఘంలోనూ లేదు. నేనూ లేను అప్పటికి.

ఐపీఏ: పాతది, పెద్దది, బ్రాంచిని బట్టి ఫలితం

ఫార్మసిస్టు ఎక్కడ పనిచేసినా చేరగలిగిన సంఘం ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ (ఐపీఏ). షాపు, ఆసుపత్రి, కంపెనీ, కాలేజీ, డ్రగ్ కంట్రోల్ శాఖ అన్న తేడా లేదు. దీని వేర్లు 1939 నాటి బెనారస్‌లో ఉన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువుకి పునాది వేసిన మహదేవ లాల్ ష్రాఫ్ ముందుండి దీన్ని మొదలుపెట్టారు. ఆ ఏడాదే పత్రికా మొదలైంది, అదే ఇప్పటి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫార్మాస్యూటికల్ సైన్సెస్. ఆ కాలంలో ఎవరు పడితే వాళ్ళు మందులు కలిపి ఇచ్చేవాళ్ళు. దానికి చట్టం ఉండాలని 1930-31లోనే చోప్రా కమిటీ చెప్పింది, చట్టం వచ్చింది 1948లో. ఆ నడుమ కాలంలో ఈ దేశంలో ఫార్మసిస్టు అనే మనిషి ఒకడున్నాడని సంఘం కట్టి, పత్రిక పెట్టి చెప్పింది వీళ్ళే.

ఇప్పుడు దీని ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది, రాష్ట్రాల్లో బ్రాంచీలున్నాయి. ఏటా నవంబరు మూడో వారంలో జరిగే జాతీయ ఫార్మసీ వారోత్సవం వీళ్ళు మొదలుపెట్టిందే. ప్రపంచ స్థాయిలో ఎఫ్‌ఐపీ అనే అంతర్జాతీయ ఫార్మాస్యూటికల్ ఫెడరేషన్‌లో మన దేశం నుంచి ఐపీఏకి సభ్యత్వం ఉంది. ఆ ఫెడరేషన్ 1912 సెప్టెంబరు 25న పుట్టింది కాబట్టే ఫార్మసిస్టుల దినోత్సవం ఆ తేదీన చేసుకుంటున్నాం.

ఐపీఏలో నాకు బాగా నచ్చింది కమ్యూనిటీ ఫార్మసీ విభాగం. కమ్యూనిటీ ఫార్మసీ అంటే మరేం లేదు, మన వీధి చివర మెడికల్ షాపే. టీబీ రోగికి మందు కౌంటర్ దగ్గరే, కళ్ళెదుట మింగించే పనిని ముంబైలో షాపు ఫార్మసిస్టులకు నేర్పించి, ఆ షాపుల్ని ప్రభుత్వ టీబీ కార్యక్రమంతో కలిపింది ఈ విభాగం. ఒక రోగి ఆరు నెలల పాటు మన షాపుకి వస్తాడు, దగ్గు తగ్గగానే మానేస్తానంటాడు, మనం మానొద్దని చెప్పి మాత్ర చేతిలో పెడతాం. ఫార్మసిస్టు అంటే డబ్బా అందించే మనిషి కాదని ప్రభుత్వానికి చూపించాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. 2018 మార్చి నుంచి టీబీ మందులు ఇచ్చిన షాపులు కూడా ఆ వివరాలు ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధన వచ్చింది. అలాంటి నిబంధన వచ్చినప్పుడు ఫారం ఎలా నింపాలో ముందే నేర్చుకున్నవాడు భయపడడు.

ఐపీఏ లోపమూ చెప్పాలి. దీని పని అంతా బ్రాంచి చేతుల్లో ఉంటుంది. బ్రాంచిలో చురుకైన నలుగురుంటే ఏడాదంతా కార్యక్రమాలు జరుగుతాయి, లేకపోతే నవంబరులో ఒక ర్యాలీ, ఒక సన్మానం, అంతే. కాలేజీ ప్రిన్సిపాళ్ళు, కంపెనీల పెద్దలు వేదిక మీద కనిపించినంతగా కౌంటర్ మనిషి కనిపించడు. శిక్షణ ఎక్కువగా ఇంగ్లీషులో నడుస్తుంది. తెలుగు మీడియంలో చదివి డీఫార్మ చేసిన అమ్మాయి వెనక కుర్చీలో కూర్చుని, ప్రశ్న ఉన్నా లేవదు. ఈ మాట నేను మా బ్రాంచి సమావేశంలో లేచి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఒక మధ్యాహ్నం, ఒక ఇన్‌హేలర్

చదువు అంటే ఎలాంటి చదువో చెప్పకపోతే ఈ పోలికకి అర్థం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక శిక్షణకి వెళ్ళాను. పెద్ద హోటల్ కాదు, ఒక కాలేజీ క్లాసు రూము. ఆసుపత్రిలో పనిచేసే ఒక సీనియర్ ఫార్మసిస్టు వచ్చి, మందు లేని డమ్మీ ఇన్‌హేలర్లు బల్ల మీద పెట్టి, "రోజూ అమ్ముతారు కదా, ఒక్కొక్కరే వచ్చి వాడి చూపించండి" అన్నారు. అందరం నవ్వుకుంటూ లేచాం. నేను మూత తీశాను, నోట్లో పెట్టుకున్నాను, నొక్కాను, తర్వాత పీల్చాను. ఆయన నా చేయి పట్టుకుని ఆపి, "అమ్మా, మందంతా నాలుక మీద పడింది. ఊపిరితిత్తులకి ఏం వెళ్ళింది?" అన్నారు.

తర్వాత నేర్పించారు. ముందు బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదలాలి. పెదాలతో గట్టిగా మూసి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. లోతుగా పీల్చాక పది సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలరైతే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూత లేస్తుంది. నొక్కడం, పీల్చడం కలవని ముసలివాళ్ళకి, పిల్లలకి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) వాడమని చెప్పాలి. ఎనిమిదేళ్ళుగా నేను ఇన్‌హేలర్ డబ్బాలు సంచీలో వేసి ఇచ్చాను, ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మాకు అలవాటైన ఒక పెద్దాయన, ఆటో దిగి ఆయాసపడుతూ వచ్చి, "ఇది పనిచేయట్లేదమ్మా, పెద్దది ఇంకోటి ఏదైనా ఇవ్వు" అన్నాడు. ఎలా వాడుతున్నారో చూపించమన్నాను. అచ్చం నేను చేసినట్టే చేశాడు. కౌంటర్ ఇవతలికి వచ్చి, పక్కన నిలబడి నేర్పించాను. వారం తర్వాత ఆటో లేకుండా నడిచి వచ్చాడు. ఆ రోజు నుంచి సంఘం ఇచ్చే చదువుకి నా కొలత ఒక్కటే. ఆదివారం నేర్చుకున్నది సోమవారం కౌంటర్ మీద పనికొస్తుందా?

ఇలాంటివి ఇంకెన్నో ఉన్నాయి. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ చూసి రోజూ అనుకుని వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రిప్ మీద "ప్రతి ఆదివారం" అని తెలుగులో రాసి ఇవ్వడం ఏ పాఠంలోనూ ఉండదు, తోటి ఫార్మసిస్టు నోటి నుంచి వినాలి. మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవాళ్ళ వివరాలు మన దేశంలో 2010 నుంచి నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఫార్మసిస్టే పంపొచ్చని, దానికి 1800-180-3024 అనే టోల్ ఫ్రీ నంబరుందని నాకు తెలిసింది కూడా అలాంటి శిక్షణలోనే.

అమెరికాలో రెండెద్దులూ కలిసి లాగిన వైనం

చదువు, వకాల్తా జంటగా నడిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికన్ ఫార్మసిస్ట్స్ అసోసియేషన్ కథ వినాలి. 1852లో ఫిలడెల్ఫియాలో పుట్టిన సంఘం అది. 1996లో వాళ్ళు ఫార్మసిస్టులకు టీకాలు వేయడంలో సర్టిఫికెట్ శిక్షణ మొదలుపెట్టారు. అప్పటికి చాలా రాష్ట్రాల్లో ఫార్మసిస్టు సూది పట్టుకోవడానికి చట్టమే ఒప్పుకోదు. ఒక పక్క వేలమందికి నేర్పిస్తూ, ఇంకో పక్క రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో చట్టం మార్చమని అడుగుతూ పోయారు. "మావాళ్ళకి చేతనవుతుంది, ఇదిగో సర్టిఫికెట్" అని చూపించగలిగారు కాబట్టి కాదనడం కష్టమైంది. 2009 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టు టీకా వేయొచ్చు. కోవిడ్ వచ్చినప్పుడు అక్కడి జనం వీధి చివర మందుల షాపుకి వెళ్ళి టీకా వేయించుకున్నారంటే దాని వెనక పాతికేళ్ళ పని ఉంది.

మన దగ్గర సంఘాలు వినతిపత్రాలు బాగా ఇస్తాయి. వాటితో పాటు పని చేతనయినవాళ్ళ లెక్క కూడా చూపించగలగాలి. మీరు చేరబోయే సంఘాన్ని, గత రెండేళ్ళలో ఏ విషయం మీద ఎవరికి ఏం రాశారో చూపించమని అడగండి. ఆ కాగితాల్లో ఫార్మసిస్టు అన్న మాట ఎన్నిసార్లుందో, షాపు అన్న మాట ఎన్నిసార్లుందో చూసుకోండి.

మిగతా సంఘాలు

ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి ఇండియన్ హాస్పిటల్ ఫార్మసిస్ట్స్ అసోసియేషన్ ఉంది. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వాడటం, ఒకేలా కనిపించే ఆంప్యూల్స్‌ని దూరం దూరంగా పెట్టడం, వార్డుల ఇండెంట్లు లాంటి ఆసుపత్రి స్టోరు కష్టాలు షాపువాళ్ళకి అర్థం కావు. అందుకే విడిగా సంఘం ఉండటం మంచిదే. ఫార్మసీ కాలేజీల్లో చెప్పేవాళ్ళకి ఏపీటీఐ అనే ఫార్మసీ అధ్యాపకుల సంఘం ఉంది. వాళ్ళ ఫార్మాస్యూటికల్ ఎడ్యుకేషన్ పత్రికకి మంచి పేరుంది, పదోన్నతికి పేపర్లు కావాల్సినవాళ్ళకి అదే సరైన చోటు. బీఫార్మ, ఆపై చదివినవాళ్ళకి ఢిల్లీ కేంద్రంగా ఇండియన్ ఫార్మసీ గ్రాడ్యుయేట్స్ అసోసియేషన్ ఉంది. డీఫార్మ వాళ్ళకి అందులో చోటు లేకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. పల్లెల్లో, మండల కేంద్రాల్లో కౌంటర్ మోస్తున్నది ఎక్కువగా వాళ్ళే.

ఈ సంఘాలూ, ఐపీఏ, డ్రగ్స్ కంట్రోల్ అధికారుల సమాఖ్య అన్నీ కలిసి జరిపేదే ఇండియన్ ఫార్మాస్యూటికల్ కాంగ్రెస్. 2016లో 68వది విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దగ్గర జరిగింది, 2024 జులైలో 73వది హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగింది. విద్యార్థులకి ఒక సలహా. ఏ సంఘంలో చేరాలో తేల్చుకోలేకపోతే ముందు ఒక్కసారి ఈ కాంగ్రెస్‌కి వెళ్ళండి. స్టాళ్ళ దగ్గర సంచులు తీసుకోవడంతో సరిపెట్టకుండా, అన్ని సంఘాల వాళ్ళూ ఒకే చోట దొరుకుతారు కాబట్టి నిలబడి మాట్లాడండి. ఐపీఏ విద్యార్థి విభాగం ద్వారా అయితే 1949 నుంచి ఉన్న అంతర్జాతీయ ఫార్మసీ విద్యార్థుల సమాఖ్యతోనూ సంబంధం దొరుకుతుంది.

ప్రభుత్వ ఉద్యోగులకి, పీహెచ్‌సీల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళకి వరస మారుతుంది. వాళ్ళకి ముందు కావాల్సింది సర్వీసు సంఘం. సీనియారిటీ లిస్టు, బదిలీలు, రెగ్యులరైజేషన్, పే స్కేలు, వీటి గురించి సెక్రటేరియట్‌లో ఫైలు ఎక్కడుందో తెలిసినవాళ్ళు అక్కడే ఉంటారు. పని నేర్పే విషయంలో మాత్రం సర్వీసు సంఘం మీద ఆశ పెట్టుకోకండి. రెండోదిగా ఒక వృత్తి సంఘం ఉండాల్సిందే.

విదేశాలకి వెళ్ళే ఆలోచన ఉంటే

మన తెలుగు కుటుంబాల్లో ఫార్మసీ చదివిన పిల్లల్లో ఎంతోమంది చూపు బయటి దేశాల మీదే ఉంటుంది. కొందరు ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేయించుకోకుండానే విమానం ఎక్కుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. అమెరికాలో విదేశీ ఫార్మసిస్టుల అర్హత చూసేది ఎన్‌ఏబీపీ అనే, అక్కడి ఫార్మసీ బోర్డుల ఉమ్మడి సంస్థ, సంఘం కాదు. సొంత దేశంలో ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ ఉండాలని అది అడుగుతుంది. 2003 జనవరి 1 నుంచి పట్టా పొందినవాళ్ళకి కనీసం ఐదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలన్న నిబంధనా ఉంది. నాలుగేళ్ళ బీఫార్మ అక్కడ ఆగిపోతుంది, ఆరేళ్ళ ఫార్మ్‌డీ దాటుతుంది. షాపుల్లో పని అనుకునేవాళ్ళకి అమెరికన్ ఫార్మసిస్ట్స్ అసోసియేషన్, ఆసుపత్రి రెసిడెన్సీ (చదువయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణ) అనుకునేవాళ్ళకి ఏఎస్‌హెచ్‌పీ అనే ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘం. రెసిడెన్సీలకి గుర్తింపు ఇచ్చేది ఏఎస్‌హెచ్‌పీయే, డిసెంబరులో జరిగే వాళ్ళ మిడ్‌ఇయర్ సభలో ఆసుపత్రుల వాళ్ళని నేరుగా కలవొచ్చు. బ్రిటన్‌కైతే ఓఎస్‌పీఏపీ అనే ఏడాది కోర్సు, తర్వాత ఏడాది శిక్షణ, పరీక్ష. అక్కడికి చేరాక ఫార్మసిస్ట్స్ డిఫెన్స్ అసోసియేషన్ గురించి తప్పక తెలుసుకోండి. ఉద్యోగి ఫార్మసిస్టు మీద కేసు వచ్చినా, యజమానితో గొడవ వచ్చినా అండగా నిలబడటం దాని పని. నా స్నేహితురాలి సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అలాంటి సంఘం మనకీ ఉంటే బాగుండేదనిపిస్తుంది.

డబ్బు కట్టే ముందు

జీవిత సభ్యత్వం చవగ్గా కనిపిస్తుంది, ఒకసారి కడితే మళ్ళీ అడగరు. కానీ ఒకసారి కట్టాక సంఘానికీ మన అవసరం తీరిపోతుంది. వార్షిక చందా ఉంటే ముందు ఏడాదికి కట్టి, రెండు సమావేశాలకి వెళ్ళి చూసి, అప్పుడు జీవిత సభ్యత్వం తీసుకోండి. ఎన్నికలు చివరిసారి ఎప్పుడు జరిగాయో, లెక్కలు సభ్యుల ముందు పెడతారో లేదో అడగండి. మీ జిల్లాలో గత ఏడాది ఎన్ని శిక్షణలు పెట్టారో, అందులో తెలుగులో ఎన్నో అడగండి. కమిటీలో కౌంటర్ మీద పనిచేసేవాళ్ళు ఎందరో, ఆడవాళ్ళెందరో చూడండి. రాత్రి తొమ్మిదిన్నరకి షాపు మూసి ఇంటికి వెళ్ళడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కమిటీలో లేకపోతే ఆ విషయం చర్చకే రాదు.

ఇంకొకటి ఉంది, ఇది అడగడానికి ధైర్యం కావాలి. కమిటీలో ఉన్నవాళ్ళలో ఎవరి సర్టిఫికెట్టయినా తాము లేని షాపు గోడ మీద వేలాడుతోందా? సర్టిఫికెట్ అద్దెకిచ్చే అలవాటు మన వృత్తిని లోపల్నుంచి తినేస్తోంది. ఒకరు సర్టిఫికెట్టిచ్చి ఇంట్లో కూర్చుంటే, నిజంగా నిలబడే ఫార్మసిస్టుకి యజమాని ఎందుకు జీతమిస్తాడు? కౌంటర్ మీద చదువులేని కుర్రాడు మెథోట్రెక్సేట్ ఇస్తే ఆ రోగికి ఎవరు చెబుతారు? ఈ విషయంలో మెత్తగా మాట్లాడే సంఘం ఎంత పెద్దదైనా నేను చేరను, చేరమని ఎవరికీ చెప్పను.

ఇక మా చెల్లికి ఏం చెప్పాను? తను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేరుతోంది. ముందు తెలంగాణ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తి చేయమన్నాను. తర్వాత ఐపీఏ తెలంగాణ బ్రాంచిలో చేరమన్నాను, హాస్పిటల్ ఫార్మసిస్టుల సంఘాన్ని ఒక ఏడాది చూసి నిర్ణయించుకోమన్నాను. తనని అడిగిన మూడో సంఘం వాళ్ళు ఎన్నికల మాటెత్తితే జవాబు దాటేశారట, దాన్ని వదిలేయమన్నాను. అదే డీఫార్మ చేసి షాపులో జీతానికి ఉన్నవాళ్ళు అడిగి ఉంటే ఐపీఏ ఒక్కటే చెప్పేదాన్ని, అదీ జిల్లాలో బ్రాంచి పనిచేస్తుంటేనే. పనిచేయకపోతే పదిమంది కలిసి ఆ బ్రాంచిని కదిలించమని చెప్పేదాన్ని. మేం ఖమ్మంలో అలాగే మొదలుపెట్టాం, నెలకో ఆదివారం, రెండు గంటలు, తెలుగులో.

చెల్లి, నవంబరు వారోత్సవానికి ర్యాలీతో పాటు ఒక పూట ఇన్‌హేలర్ శిక్షణ పెట్టమని తన బ్రాంచిలో అడుగుతానంది. డమ్మీ ఇన్‌హేలర్లు నా దగ్గర ఆరున్నాయి, బస్సులో పంపిస్తానన్నాను.